ఊరి పేరు దిద్దారు, రేవు పేరు దిద్దలేదు
(1899 నాటి గంగ రీలు గురించి)

రెండు నిమిషాలు కూడా నిండని ఒక మూగబొమ్మ గురించి ఈ వ్యాసం. దాని పేరు 'పనోరమా ఆఫ్ కలకత్తా'. లండన్‌లోని వార్విక్ ట్రేడింగ్ కంపెనీ 1899లో దాన్ని బయటికి తెచ్చింది. భారతదేశంలో తీసిన కదిలే బొమ్మల్లో ఇప్పటిదాకా మిగిలివున్నవాటిలో ఇదే అతి పాతదని చెప్తారు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దీన్ని భద్రపరిచింది. 1899 నుంచి 1947 దాకా ఇండియాలో తీసిన పాత బొమ్మలన్నిటితో కలిపి 2017లో అందరూ చూసేందుకు వీలుగా బయటపెట్టింది.

బొమ్మలో కథేమీ లేదు. కెమెరా పడవ మీద ఉంది. పడవ సాగుతుంటే గట్టు కదులుతుంది. మెట్లు, మెట్ల మీద జనం, నీళ్లలో జనం, వెనక రాతి కట్టడాలు. స్నానం చేసేవాళ్లు, చేసి వచ్చినవాళ్లు, చేయబోయేవాళ్లు. అంతే.

పేరులో కలకత్తా అని ఉందిగానీ బొమ్మలో ఉన్నది కలకత్తా కాదు. అది కాశీ. కంపెనీ తప్పు పేరు పెట్టి అమ్మింది. లండన్‌లో టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడికి అప్పటి రాజధాని కలకత్తా పేరు తెలుసు. గంగ ఒడ్డున ఉన్నది ఏ ఊరైతే అతనికేం? తర్వాతి కాలపు పరిశోధకులు మెట్లనూ కట్టడాలనూ పోల్చిచూసి ఇది కాశీ అని తేల్చారు. ఇవ్వాళ ఈ రీలు గురించి ఎవరు రాసినా ముందు ఆ పొరపాటునే ఎత్తిచూపుతారు.

మంచిదే. కానీ ఊరి పేరు దిద్దినవాళ్లు ఇంకో పేరును దిద్దకుండా వదిలేశారు. ఈ బొమ్మను 'భారతీయుల ఉమ్మడి స్నాన సంస్కృతి'కి తొలి దృశ్య సాక్ష్యంగా చూపిస్తున్నారు. 'ఉమ్మడి' అన్న మాట 'కలకత్తా' అన్న మాటకన్నా పెద్ద తప్పు. మొదటిది ఊరిని తారుమారు చేసింది. రెండోది ఒక సమాజ వ్యవస్థనే తారుమారు చేస్తోంది. మొదటిదాన్ని దిద్దడానికి మెట్లను పోల్చుకుంటే చాలింది. రెండోదాన్ని దిద్దాలంటే ఆ మెట్లు ఎవరివి అని అడగాలి. ఆ ప్రశ్న అడిగేవాళ్లు సినిమా చరిత్రకారుల్లో తక్కువ. అందుకని మనమే అడగాల్సి ఉంది.

పడవ ఎవరు నడిపారు?

ముందు బొమ్మలో కనబడని మనిషి దగ్గర మొదలుపెడదాం. సినిమా చరిత్ర పుస్తకాలు ఈ రకం బొమ్మల్ని కదిలే కెమెరా తొలి ప్రయోగాలుగా మెచ్చుకుంటాయి. అప్పట్లో కెమెరా బరువైన పెట్టె. దాన్ని కాళ్ల మీద నిలబెట్టి చేతితో మర తిప్పాలి. అది తనంతట తాను కదలలేదు గనక రైలు మీదో పడవ మీదో ఎక్కించారు. అంటే ఈ బొమ్మలో కదలికంతా పడవదే. దృశ్యం సాఫీగా సాగిందంటే అది పడవ నడిపిన చేతుల పనితనం.

కాశీలో గంగ మీద పడవ నడిపే పని తరతరాలుగా మల్లాలది, నిషాదులది. ఏ రేవు దగ్గర నీళ్లు లోతో, ఎక్కడ ప్రవాహం లాగుతుందో, గట్టుకు ఎంత దూరంలో పోతే మెట్లన్నీ కంటికి ఆనుతాయో వాళ్లకే తెలుసు. ఆ తెలివి లేకుండా పనోరమా లేదు. కానీ కంపెనీ క్యాటలాగులో కంపెనీ పేరు ఉంది, దేశం పేరు ఉంది, తప్పుగానైనా ఊరి పేరు ఉంది. పడవవాడి పేరు మాత్రం లేదు. రీలులో అతని నీడ కూడా లేదు. బొమ్మను మోసినవాడు బొమ్మకు బయట ఉన్నాడు.

ఇది ఒక్క సినిమా లక్షణమేనా? ఊరిని మోసేవాడు ఊరికి బయటుంటాడు. మేళానికి తోలు బిగించినవాడు పెళ్లి పందిరికి బయటుంటాడు. కెమెరా ఈ దేశంలో కాలుపెట్టగానే ఆ అమరికలో చక్కగా ఇమిడిపోయింది. కొత్త యంత్రం వస్తే పాత సంబంధాలు వాటంతటవే తెగిపోతాయని నమ్మేవాళ్లు ఈ రీలును ఒకసారి చూడాలి.

బొమ్మలో కులం కనబడుతుందా?

ఇక్కడ మిత్రులు ఒక ప్రశ్న వేయొచ్చు. ఆ మెట్ల మీద, ఆ నీళ్లలో ఉన్నవాళ్లలో దళితులు లేరని మీకెట్లా తెలుసు? నిజమే. మేము లేరని చెప్పడం లేదు, ఉన్నారనీ చెప్పడం లేదు. ఆ రీలును పదిసార్లు తిప్పి చూసినా ఎవరు ఏ కులమో చెప్పలేం. చెప్పగలమనుకోవడమే ప్రమాదం.

ఎందుకంటే మొహం చూసి కులం చెప్పగలమన్నది సరిగ్గా ఆ కాలపు పాలకుల శాస్త్రం. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో వలస ప్రభుత్వం జాతులవారీగా, కులాలవారీగా ఫోటోలు అచ్చువేసింది. ఆ తర్వాత హెర్బర్ట్ రిస్లీ అనే అధికారి ముక్కులు కొలిచి కులాల హెచ్చుతగ్గులు చెప్పబోయాడు. బెంగాల్ కులాల మీద అతని పుస్తకం 1891లో వచ్చింది. 1901 జనాభా లెక్కలకు అతనే కమిషనర్. ముక్కు సన్నబడేకొద్దీ కులం ఎత్తు పెరుగుతుందని అతని వాదన. మన రీలు ఈ రెండు తేదీల మధ్యది. ఫోటో కెమెరా, కొలబద్ద, సినిమా కెమెరా ఒకే దశాబ్దాల్లో ఒకే శరీరాల చుట్టూ తిరిగాయి.

ఆ శాస్త్రానికి అంబేడ్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్'లో వాళ్ల కొలతలతోనే జవాబు చెప్పాడు. ఆ ముక్కుల లెక్కలనే ముందు పెట్టి, వాటి ప్రకారం చూసినా బ్రాహ్మడూ అంటరానివాడూ ఒకే జాతి అవుతారు తప్ప వేరు కారని తేల్చాడు. అంటరానితనం మూలం రక్తంలో లేదు, దాన్ని వేరేచోట వెతకాలన్నాడు. మనకు ఇక్కడ దొరికే పాఠం సులువైంది. కులం చర్మం మీదుండే గుర్తు కాదు, అదొక కట్టడి. కెమెరా శరీరాన్ని పట్టుకోగలదు, కట్టడిని పట్టుకోలేదు. ఎవరు ఎప్పుడు దిగొచ్చు, ఎవరు ఏ పక్క దిగాలి, ఎవరు దిగితే నీళ్లు మైలపడతాయి, ఎవరు దిగిన తర్వాత శుద్ధి చేయాలి అన్నవి ఫిలిం మీద పడవు. పడవు గనకే ఫిలిం చూసినవాడికి అంతా కలిసి స్నానం చేస్తున్నట్టే ఉంటుంది. 'ఉమ్మడి' అనే భ్రమ పుట్టేది ఇక్కడే.

కాబట్టి ఈ రీలు అబద్ధం చెప్పిందని మేము అనడం లేదు. అది చెప్పగలిగింది అంతే. దాని పక్కన పెట్టాల్సిన కట్టడిని పెట్టకుండా దాన్నే పూర్తి సాక్ష్యమనడం అబద్ధం.

రేవు అంటే ఏమిటి?

మన పల్లెల్లో రేవు అన్న మాట ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. చాకిరేవు, పశువుల రేవు, మంచినీళ్ల రేవు, ఎగువ రేవు, దిగువ రేవు. ముందొచ్చే ఆ మాటే కట్టడి. ఏటికి ఎగువన ఊరు, దిగువన వాడ. ఊరి స్నానం కిందికి పారి వాడ తాగునీరవుతుంది. వాడ స్నానం మాత్రం ఎప్పుడూ ఎగువకు పారదు. చెరువు దగ్గరైతే ఇంకా కఠినం. గట్టు మీద గంటలకొద్దీ నిలబడితే ఎవరికో దయ కలిగి ఎత్తిపోసిన నీళ్లు దోసిట్లోనో కుండలోనో పట్టుకోవాలి. ఈ బతుకు తెలిసినవాళ్లకు 'ఉమ్మడి స్నానం' అన్న మాట వింటే నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది.

కాశీ పెద్ద ఊరు, గంగ పెద్ద నది, అక్కడి సంగతి వేరు అంటారు. పారే నదికి గోడ కట్టలేరన్న మాట నిజమే. కానీ కాశీలో స్నానం స్నానంతో ఆగదు. మునిగినవాళ్లు తడిబట్టలతో మెట్లెక్కి విశ్వనాథుడి దర్శనానికి పోతారు. మెట్లకు ఒక కొస నది, రెండో కొస గుడి. ఆ రెండో కొస దళితులకు 1950ల్లోగానీ తెరుచుకోలేదు. తెరిచినప్పుడు కూడా, అంటరానివాళ్లు అడుగుపెట్టిన గుడి ఇక పనికిరాదని కర్పాత్రి స్వామి ఆ ఊళ్లోనే వేరే విశ్వనాథ మందిరం వెలిసేలా చేశాడు. మన రీలు తీసేనాటికి ఇది యాభై ఏళ్లకు పైగా ముందున్న సంగతి. కెమెరా మెట్ల కింది కొసను మాత్రమే చూసింది. పడవలోంచి అంతే కనబడుతుంది. పై కొసన ఉన్న తలుపు ఫ్రేములోకి రాలేదు.

ఆ మెట్ల గురించి కాశీకే మన జనం చెప్పుకునే వేరే జ్ఞాపకం ఉంది. నేతపనివాడు కబీరు తెల్లవారుజాము చీకట్లో రేవు మెట్ల మీద పడుకున్నాడని, స్నానానికి దిగుతున్న రామానందుడి కాలు తగిలిందని, అతని నోట వచ్చిన రామ శబ్దాన్నే మంత్రంగా తీసుకున్నాడని ఒక కథ. కబీరుకు బ్రాహ్మణ గురువును అంటగట్టడానికే దీన్ని అల్లారని దళిత విమర్శకులు వాదించారు. ఆ వాదనను ఒప్పుకున్నా కథలో ఒక నిజం దాక్కుని ఉంది. చదువు కావాలంటే చీకట్లో, మెట్ల మీద, కాలి కింద పడుకోవలసి వచ్చిందని ఆ కథ తనకు తెలియకుండానే ఒప్పుకుంటోంది. ఇంకో కథ రవిదాసుది. అతను అదే కాశీలో తోలు పనిచేసుకుని బతికినవాడు. గంగ దగ్గరికి అతను పోలేదు, తోలు నానబెట్టే తొట్టిలోకే గంగ వచ్చిందని చెప్పుకుంటారు. ఈ కథలోని ధిక్కారం గమనించండి. రేవు మీ చేతుల్లో ఉంటే ఉండనివ్వండి, నీళ్లు నా పని దగ్గరికే వస్తాయి అంటున్నాడు. ఉమ్మడి స్నాన సంస్కృతి గురించి రాసే పుస్తకాల్లో ఈ తొట్టికి ఎక్కడా చోటు లేదు.

తెలుగువాళ్లకు కాశీని చూపించిన పుస్తకాల్లో ముందు గుర్తొచ్చేది ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. 1830-31లో మద్రాసు నుంచి పరివారంతో బయల్దేరి చూసివచ్చిన ప్రయాణం అది. కానీ మనకు ఇంకో కాశీయాత్ర ఉంది. జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. గుడిలోకి పోలేని అంటరాని మనిషి తన బాధను కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలంతో కబురంపుతాడు. మనిషికి మూసిన తలుపు గబ్బిలానికి అడ్డం రాదు. 1899 కెమెరా గబ్బిలం పోలిన పనే చేసిందా? రెండూ ఎక్కడినుంచో వచ్చి కాశీని చూశాయి. కానీ కెమెరా నది మధ్యలోంచి చూసి తిరిగిపోయింది, దాని చేతిలో ఎవరి కబురూ లేదు. గబ్బిలం గుడిలోపలికి పోయింది, దాని నోట్లో వాడ మాట ఉంది. కాశీని చూపించిన తొలి రీలు ఏదని ఎవరైనా అడిగితే 1899 అని చెప్పొచ్చు. కాశీని బయటినుంచి పూర్తిగా చూసిన కన్ను ఏదంటే మాత్రం జాషువా పేరు చెప్పాల్సి ఉంటుంది.

ఇద్దరు ప్రేక్షకుల తగాదా

ఈ రకం బొమ్మల మీద వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం రెండు పక్షాల తగాదా. ఒక పక్షం తెల్ల ప్రేక్షకుడు. అతనికి రేవు ఒక వింత. నల్లటి మనుషులు, మురికి నీళ్లు, పాత గుళ్లు. ఇంకో పక్షం జాతీయవాది. అతనికి ఆ చూపులో అవమానం కనబడింది. మా పవిత్ర స్నానాన్ని సంతలో అమ్ముతారా అని అతని కోపం. వలస చూపును ఎండగట్టే ఇవ్వాళ్టి విశ్వవిద్యాలయ విమర్శ కూడా చాలావరకు ఈ రెండో పక్షం దగ్గరే ఆగిపోతోంది.

1927ను గుర్తుచేసుకుందాం. ఆ ఏడు కేథరిన్ మేయో 'మదర్ ఇండియా' వచ్చింది. దేశమంతా భగ్గుమంది. గాంధీ దాన్ని మురుగుకాలవల ఇన్‌స్పెక్టరు రిపోర్టుగా కొట్టిపారేశాడు. మేయో సామ్రాజ్యవాద పక్షపాతం మీద మాకు అనుమానమేమీ లేదు. కానీ మురుగుకాలవను చూపిన ఇన్‌స్పెక్టరు మీద వచ్చినంత కోపం, ఆ కాలవలో మనిషిని దింపిన సమాజం మీద ఎందుకు రాలేదు? కాలవ ఎత్తేవాణ్ణి అటు మేయో గానీ ఇటు ఆమెను తిట్టినవాళ్లు గానీ తగాదాలో సాక్షిగా పిలవలేదు.

అదే 1927లో, మార్చి 20న, మహాడ్‌లో అంబేడ్కర్ వెంట వేలమంది నడిచి చవదార్ చెరువులో నీళ్లు ముట్టుకున్నారు. ప్రభుత్వ చెరువులూ బావులూ అంటరానివాళ్లకు తెరవాలని బొంబాయి శాసనసభ 1923లోనే తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ 1924లో చెరువును తెరిచామంది. తీర్మానం కాగితం మీద ఉండిపోయింది. పశువులు తాగొచ్చు, మతం మారినవాడు తాగొచ్చు, అంటరానివాడు మాత్రం తాగకూడదు. తాగినందుకు ఆరోజే దాడి జరిగింది. తర్వాత పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలతో చెరువును శుద్ధి చేశారు. అంటే చెరువుకే స్నానం చేయించారు. ఉమ్మడి స్నాన సంస్కృతి మీద డాక్యుమెంటరీ తీయదలిస్తే మొదటి దృశ్యం ఇది కావాలి. మనుషులు దిగినందుకు నీళ్లకు స్నానం చేయించిన దేశం ఇది. మహాడ్ మాత్రం మనకు రీలుగా చేరలేదు. తీర్మానాలుగా, కోర్టు కాగితాలుగా, ఉపన్యాసాలుగా, పాటలుగా చేరింది.

ఆ కోర్టు కాగితాల్లో మన రీలును చదవడానికి పనికొచ్చే విషయం ఒకటుంది. చెరువు తమదని, అంటరానివాళ్లను రానివ్వకపోవడం అనాది ఆచారమని సవర్ణులు దావా వేశారు. పదేళ్లు నడిచిన ఆ కేసులో 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు అంబేడ్కర్ పక్షాన తీర్పు ఇచ్చింది. అంటరానితనం తప్పు అని కాదు, ఆచారం అనాది అనడానికి రుజువు లేదని. ఆ తీర్పు పరిమితిని మనం చూడాల్సిందే. అయినా అది ఒక ముఖ్యమైన మాట ఒప్పుకుంది. 'అనాది' అన్నది రుజువు అడగదగ్గ వాదన. పాత రీళ్ల మీద రాసే వ్యాఖ్యానాల్లో 'అనాదిగా', 'యుగయుగాలుగా మారని' అన్న మాటలు ధారాళంగా పారుతుంటాయి. మహాడ్ చెరువును అడిగినట్టే గంగ రేవును కూడా అడగాలి. ఎప్పటినుంచి? ఎవరి లెక్క ప్రకారం? రుజువేది?

కనబడితే చాలునా?

సరే, 1899లో కనబడలేదు, తర్వాత కనబడ్డారు గదా అనొచ్చు. అదే కాశీ మీద రాబర్ట్ గార్డ్‌నర్ తీసిన 'ఫారెస్ట్ ఆఫ్ బ్లిస్' 1986లో వచ్చింది. తొంభై నిమిషాల సినిమా. అందులో రేవులున్నాయి, స్నానాలున్నాయి, పడవలున్నాయి, శవాల్ని కాల్చే డోములున్నారు. నిప్పుకు బేరం ఆడే డోమ్ రాజా ఉన్నాడు. ఈసారి అంటరాని మనిషి ఫ్రేము మధ్యకు వచ్చాడు. కానీ ఆ సినిమాకు వ్యాఖ్యానం లేదు, మాటలకు అనువాదమూ లేదు. డోములు మాట్లాడుతూనే ఉంటారు. ఏం మాట్లాడుతున్నారో ఆ భాష రాని ప్రేక్షకుడికి తెలియదు. దర్శకుడు కావాలనే అలా చేశాడు, బొమ్మ తన మాట తానే చెప్పుకోవాలని. మానవశాస్త్రజ్ఞుల్లో దీనిమీద అప్పుడే పెద్ద వాదం నడిచింది. ఆ వాదంలో ఎక్కువగా నలిగింది పద్ధతి గురించి. మా ప్రశ్న ఇంకోటి. శవం దగ్గర నిప్పు అమ్మేవాడు ఏమంటున్నాడో వినక్కర్లేదని ఎవరు నిర్ణయించారు? 1899లో మనిషి లేడు. 1986లో మనిషి ఉన్నాడు, అతని మాట లేదు. ఈ రెండింటి మధ్య ఎనభై ఏడేళ్లు.

ఆ తర్వాతి మెట్టు ఇంకా తెలివైంది. 2019 ఫిబ్రవరి 24న ప్రయాగరాజ్ కుంభమేళాలో దేశ ప్రధాని అయిదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్లు కడిగారు. దేశమంతా టీవీల్లో చూసింది. స్నానం, నీళ్లు, దళిత శరీరం, కెమెరా నాలుగూ ఒకే ఫ్రేములోకి వచ్చాయి. ఎవరి పాదాల మీదుగా నీళ్లు పారాయో వాళ్లకు ఆ ఫ్రేములో చేయాల్సిన పని ఒకటే, కదలకుండా కూర్చోవడం. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మ్యాన్‌హోల్‌లో చావు ఆగలేదు. కాలు కడిగించుకున్న కార్మికుడికి కావాల్సింది చేతికి పని హక్కు, ఊపిరికి భద్రత. కెమెరా చూపించింది దయను. కట్టడి మళ్లీ ఫ్రేముకు బయటే ఉండిపోయింది.

అందుకే 'మావాళ్లను కూడా చూపించండి' అన్న డిమాండు దగ్గర మనం ఆగకూడదు. కనబడటం గెలుపు కాదు. ఎట్లా, ఎవరి చేతిలోని కెమెరాలో, ఏ మాటతో కనబడ్డామన్నది అసలు తగాదా. 2007లో వచ్చిన స్టాలిన్ 'ఇండియా అన్‌టచ్డ్', తమిళనాడు పాకీపని మీద 2017లో దివ్యభారతి తీసిన 'కక్కూస్' వంటివి మనకు దారి చూపించాయి. అక్కడ కెమెరా శరీరాన్ని గాక కట్టడిని వెతుక్కుంటూ పోయింది.

మన రేవుల సంగతి

ఇదంతా ఎక్కడో ఉత్తరాది గొడవ అనుకునేవాళ్లకు కారంచేడు గుర్తుచేయాలి. 1985 జూలైలో అక్కడ మాదిగలు తాగే చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెల కుడితి కడిగి నీళ్లు పాడుచేస్తుంటే ఒక మాదిగ కుర్రవాడు అడ్డం చెప్పాడు. కొట్టబోతే నీళ్లకొచ్చిన సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. రాష్ట్ర దళిత ఉద్యమం మొత్తం ఆ చెరువు గట్టు మీదనుంచి లేచింది. మహాడ్‌లో చెరువును ముట్టుకున్నందుకు కొట్టారు. కారంచేడులో తమ నీళ్లను పాడుచేయొద్దన్నందుకు చంపారు. దిగినా నేరమే, కాపాడుకున్నా నేరమే.

పుష్కరాల మాట కూడా చెప్పుకోవాలి. పన్నెండేళ్లకోసారి గోదావరిలో, కృష్ణలో కొత్త ఘాట్లు కడతారు, రేవు అన్న తెలుగు మాట కూడా అప్పుడు ఘాట్ అయిపోతుంది. ప్రతి ఛానలూ 'కులమత భేదాల్లేని జనసంద్రం' అంటుంది. ఆ సంద్రం వదిలిన బట్టలూ పూలూ మురికీ తెల్లారేలోగా ఎత్తేది ఎవరు? ఆ పనికి ఊళ్లూళ్ల మునిసిపాలిటీలనుంచి తరలించే పారిశుధ్య కార్మికుల్లో కులభేదం లేదా? 2015 జూలై 14న, పుష్కరాల మొదటిరోజే, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఇరవైమందికి పైగా చనిపోయారు. ప్రముఖుల స్నానాన్ని చిత్రీకరించడం కోసం జనాన్ని ఆపారన్న ఆరోపణ వచ్చింది, ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. ఆ ఆరోపణ మీద తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. మేము గమనించమంటున్నది ఒక్కటే. రేవు దగ్గర కెమెరా పెట్టగానే ఎవరి స్నానం బొమ్మ అవుతుంది, ఎవరు గుంపు అవుతారు అన్న ప్రశ్న 1899తో పాతబడిపోలేదు.

ఏం చేయాలి?

ఒకటిన్నర నిమిషం బొమ్మ మీద ఇంత బరువు పెట్టాలా అని కొందరు మిత్రులు అడుగుతారు. బొమ్మ చిన్నదే. కానీ దాని మీద కట్టిన మాట పెద్దది. అతి పాత రీలు అనగానే అది మూల సాక్ష్యం అయిపోతుంది. పాఠ్యపుస్తకాల్లోకి, మ్యూజియం గోడల మీదికి, రేపటి డాక్యుమెంటరీల మొదటి దృశ్యంలోకి పోతుంది. అక్కడ 'ఉమ్మడి' అన్న మాట గడ్డకట్టిందంటే తర్వాత కరిగించడం కష్టం.

కాబట్టి మన విద్యార్థులూ టీచర్లూ కార్యకర్తలూ కలిసి చేయగల పనులున్నాయి. ఇట్లాంటి రీలును తరగతిలో చూపించినప్పుడు దాని పక్కన మహాడ్ తీర్పును, 'గబ్బిలం'ను పెట్టి చదివించాలి. పడవ ఎవరు నడిపారు, మెట్లు ఎవరు కడిగారు, తడిబట్టలు ఎవరు ఉతికారు, మెట్లెక్కితే ఏ తలుపు మూసి ఉంది అని అడిగించాలి. రీలు జవాబు చెప్పదు. జవాబు చెప్పకపోవడమే పాఠం. ఇక మన ఊళ్ల రేవుల చరిత్రను మనమే రాసుకోవాలి. ఎగువ రేవు ఎవరిది, దిగువ రేవు ఎవరిది, ఏ ఏడు ఎవరు మొదట దిగారు, ఏ తగాదా అయింది అన్నది మన ముసలమ్మలకు, ముసలయ్యలకు నోటికి తెలుసు. ఫూలే 1868లో తన ఇంటి నీళ్ల తొట్టిని అంటరానివాళ్లకు తెరిచాడు. ఆ తేదీ ఎట్లా చరిత్ర అయిందో మన వాడ అవ్వ చెరువులో మొదటిసారి బిందె ముంచిన రోజు కూడా అట్లాగే చరిత్ర కావాలి.

పాత రీళ్లను దాచేవాళ్లతో కూడా మనకు పని ఉంది. కలకత్తా అన్న చోట కాశీ అని రాయడానికి వాళ్లు సిద్ధపడ్డారు. 'ఉమ్మడి స్నానం' అన్న చోట 'కులం కట్టడి కింద రేవు' అని రాయమందాం. రుజువు అడుగుతారు. అడగనివ్వండి. 1937లో రుజువు చూపలేకపోయింది మనం కాదు.